అడ్డురాయి

చీమకుర్తిలో రాళ్లు కోసే షెడ్డు.
బూడిదరంగు నీళ్లు కాళ్ల కింద పారుతుంటే
రంపం హోరులో మాటలన్నీ సైగలయ్యాయి.
జిలానీ వేళ్లు చాపి అడిగాడు: ఇంత మందమా?
నేను బొటనవేలిని చూపుడువేలికి ఇంకొంచెం దగ్గర చేశాను.
తలుపు కింద సందు అంతే ఉంటుంది, ఏ దేశంలోనైనా.

ఇదివరకు ప్లాస్టిక్‌ది ఉండేది, పసుపుపచ్చది.
శిక్షణ ఆఖరిరోజు ఒక సీనియర్ నా చేతిలో పెట్టి
"లిప్‌స్టిక్ మర్చిపో, పర్లేదు. ఇది మర్చిపోకు" అంది.
మిగతావి ఊరూరా నేర్చుకున్నాను.
గది నంబరు పైకి చదవబోతే
గుమాస్తా నోటికి అడ్డంగా పెన్ను చాపడం.
సూట్‌కేసు గడపలో పడేసి, తలుపు తెరిచే ఉంచి,
స్నానాల తెర వెనక ముందు చూడడం.

ఆ ఊరి పేరు చెప్పను.
నెలకు రెండుసార్లు నా డ్యూటీ చార్టులో ఉంటుంది,
పంతొమ్మిది గంటలు.
విమానం దిగాక మా వ్యాను రోజుకో దారిన పోతుంది,
ముందొక జీపు, కిటికీలకు పరదాలు.
యూనిఫాం మీద ముతక కోటు గుండీలన్నీ పెట్టుకుని
ఎవరి ఒడిలో వాళ్లం చేతులు దాచుకుంటాం.

మొన్న అక్కడే, మూడు దాటాక,
తలుపు పిడి తిరిగింది.
మెల్లగా, హక్కున్నవాడు తిప్పినట్టు.
కార్డు తగిలిన చప్పుడు. పచ్చదీపం.
వేలెడంత లోపలికొచ్చిన తలుపు
ప్లాస్టిక్ ముక్క మీద ఆగింది.
ఆగి, దాన్ని కిర్రుమని నెట్టింది
నున్నటి టైల్సు మీద, ఒక అంగుళం, ఇంకో అంగుళం.
నాకు ఇంగ్లీషు రాలేదు. హిందీ రాలేదు.
"ఎవుర్రా అది!"
పేర్నమిట్ట సందులో కుక్కల్ని అదిలించే గొంతు
నాలోంచి లేచింది.
అడుగులు వెళ్లిపోయాయి.
పొద్దున మేనేజరు నవ్వాడు, గది పొరపాటు మేడమ్ అని.
కావచ్చు.
రిపోర్టులోనూ అదే మాట రాశారు.

మాలకొండయ్య మామకు చెప్పాను.
ముప్పయ్యేళ్లు గ్రానైటు లారీ తోలినవాడు
అయ్యో అనలేదు.
"కింద టైల్సా?"
"టైల్సే."
"అందుకే జారింది. బరువుండాల."
ఇంకాసేపాగి,
"యాడ ఆపినా నిద్ర మనది కాదమ్మాయ్.
దాబా లైటు కింద ఆపేవాళ్లం.
లోడేందని అడిగితే ఉప్పనేవాళ్లం.
సుబ్బరాయుడు మేలుకుంటే నేను పడుకునేది,
నేను మేలుకుంటే వాడు.
ఒక్క రాత్రి ఇద్దరం పడుకున్నాం."
ఆ తర్వాత టీ గ్లాసును తిప్పుతూ కూర్చున్నాడు.
సుబ్బరాయుడు ఎవరని నేను అడగలేదు.

జిలానీ పాలిష్ పట్టబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాను.
పైన మెరవనీ, అడుగు మాత్రం గరుకుగా ఉండనీ.
ముప్పావు కిలో తూగింది,
నల్లరాయి, లోపల బంగారు చుక్కలు.

ఇవాళ రాత్రి మామ వాళ్ల డాబా మీద పడుకున్నాను.
ఉక్కపోత. ఇక్కడ తలుపే లేదు.
రాయి తలగడ పక్కనే ఉంది,
చీకట్లో చుక్కలు కనిపించడం లేదు.
ఆ ఊళ్లో ఇప్పుడు రోజ్‌లిన్ ఉంది, నా బదులు.
పన్నెండింటికి ఫోన్లో ఒక చుక్క పంపాలి.
అక్షరం అక్కర్లేదు, మాట అక్కర్లేదు,
ఉత్త చుక్క.

పన్నెండూ అయిదు.
పన్నెండూ తొమ్మిది.
రోడ్డు మీద ఒక బండి లోడుతో మూలుగుతూ పోయింది.
పన్నెండూ పద్నాలుగుకి వచ్చింది.
నేనూ ఒకటి పెట్టాను, వేలు వణికి రెండు పడ్డాయి.

కింద నులకమంచం కిర్రుమంది.
నా ఫోను వెలుతురు పిట్టగోడ మీద పడిందేమో,
"పడుకోమ్మాయ్" అన్నాడు మామ,
"నేను మేలుకొనే ఉన్నాలే."