మూడూ, ఇరవై

గంటస్తంభం దగ్గర అయిదున్నరకి బస్సు.
బస్సంటే ఏటో అనుకునేరు,
ఆదివారం పనిలేని కాన్వెంటు బస్సు.
సీట్లు మా తమ్ముళ్ల కొలతవి,
మోకాళ్లు గెడ్డాన్ని తగుల్తాయి.
అద్దం మీద ఎవడో పిల్లడు అంటించిన పులి,
సగం తోక లేదు.

డ్రైవరు అసిరయ్య స్టీరింగు ముందర అగరొత్తి గుచ్చుతుంటే
కూర్మారావు మాస్టారు మా తలలు లెక్కపెట్టేరు.
డ్రై ఉంట్ త్స్వాన్సిక్.
మూడూ, ఇరవై.
ఆ భాషలో చిన్నంకె ముందు నడుస్తుంది,
పెళ్లివారింటికి పిల్లల్ని ముందు పంపినట్టు.

నర్సింగు ప్యాసై, జర్మన్ పరీక్షకి కట్టిన ఇరవై ముగ్గురం.
రూలొకటే:
"ఈ బస్సు జర్మనీ. తెలుగు మాట్లాడితే పది రూపాయలు."

నెల్లిమర్ల దగ్గర చంపావతి.
"కుడివైపు రైన్ నది."
నీళ్లు లేవు. ఇసకలో ట్రాక్టరుంది.
"పడవ," అన్నారు.
గరివిడి పొగగొట్టాలు కొలోన్ చర్చి గోపురాలయ్యేయి.
చీపురుపల్లి గేటు పడితే
సరిహద్దు తనిఖీ అన్నారు, సీరియస్‌గా.
పళ్లు బిగబట్టి నవ్వేం.
నవ్వుకి ఫైను లేదు.

గేటు దగ్గరే చెప్పేరు.
ఇరవై రెండేళ్లప్పుడు,
పంపుసెట్ల కంపెనీ డీలర్లకిచ్చిన టూరట.
వాళ్ల మావయ్యకి కీళ్లు పట్టేస్తే
ఆ టిక్కెట్టు మీద ఈయన.
పదకొండు రోజులు, పధ్నాలుగు ఊళ్లు,
నలభై ఒక్కమంది డీలర్లు, పులిహోర పొట్లాలు.
చర్చి అద్దంలోంచి, కోట అద్దంలోంచి,
వాన కూడా అద్దంలోంచే.
ఒకచోట పెట్రోలు బంకులో బస్సు ఈయన్ని మర్చిపోయింది.
నలభై నిమిషాలు.
అంతే చెప్పి ఊరుకున్నారు.
గేటు లేచింది.

పొందూర్లో ఇరవై నిమిషాలు: టీ, బాత్రూము.
నేను సందులోకి ఎందుకెళ్లేనో నాకే తెలీదు.
అరుగు మీద ఒక ముసలమ్మ
వాలుగ చేప దవడతో దూది దువ్వుతోంది.
చేప పళ్లు. వాటిలోంచి
పొగలాగ తేలిపోయే తెలుపు.
ఇంజక్షన్లు గుచ్చడం నేర్చిన నా వేళ్లకి సిగ్గేసింది.

"ఏ వూరమ్మా, గుంటా?"
నోటికి అలవాటై వచ్చీసింది:
"ఇష్ కొమ్మె ఆవుస్ విజయనగరం."
"కొమ్మేటి, ఆవేటి?
సక్కగా సెప్పలేవేటి?"
చక్కగా చెప్పేను.
వాళ్లాయన సంగతి, ఏకు సంగతి,
కళ్లకి పొర వచ్చిన సంగతి ఆవిడ చెప్పింది.
దవడ నా చేతిలో పెట్టింది.
గట్టిగా నొక్కకూడదు, ఊపిరి పీల్చినట్టు లాగాలట.
నా దూది ఉండకట్టింది.
"పోన్లే, నేర్సుకుంతావు," అంది.

రోడ్డు మీదికొస్తే బస్సు లేదు.
ఫోను బ్యాగులో, బ్యాగు జర్మనీలో.
పకోడీల బండి, రెండు మేకలు, ఎండ.
ఏడవాలనిపించలేదు.
ఇంటికి ముప్పై మైళ్ల లోపే ఉన్న ఊరు,
ఇరవయ్యొక్కేళ్లకి మొదటిసారి చూస్తున్నాను.
తిరిగి అరుగు దగ్గరికే ఎళ్లేను.

వెనక్కొచ్చేరు.
అసిరయ్యని కలిపి లెక్కేసేరట, ఇరవై మూడు సరిపోయిందట.
మరి మాస్టారు లెక్కలో తప్పే మనిషా?
అడగలేదు.
నేను పది రూపాయలు తీసేను.
"ఎందుకు? నువ్వు బస్సులో లేవు కదా," అన్నారు.
కాసేపాగి, మెల్లగా, తెలుగులో,
"నాకు ఒకావిడ ఏపిల్‌పండిచ్చింది.
పేరడగడం రాలేదు."

శ్రీకాకుళం వంతెన మీద
నాగావళి రెండొడ్లకీ నిండి ఉంది.
ఇది ఏ నది అంటారో అని
అందరం ఆయన మొహం చూసేం.
ఆయన అద్దం కిందికి దింపుతున్నారు,
తుప్పు పట్టిన చిలుకు, రెండు చేతుల్తో.
నా జాకెట్టు చేతి మీద దూది పోగొకటి
గాలికి లేచి, పులి తోక దగ్గర అతుక్కుంది.