తలకాయ మార్చినంక

మిరుగానికి ముందటి గాలిదుమారం రాత్రి
దేవరకొండ బస్టాండు ఎనక, మా డీటీపీ షాపుల
మదర్‌బోర్డు మాడి కమురు వాసనొచ్చింది.

మోయిజు మల్లేపల్లి నుంచి బండి మీద తెచ్చిండు
కొత్త బోర్డు, అగ్గిపెట్టెంత కూడ లేని ప్రాసెసరు,
దాని నెత్తికి రాసెటందుకు గోరంత తెల్ల పేస్టు.
"హార్డుడిస్కు పాతదే అక్కా, పానమంత అండ్లనే ఉన్నది"
స్క్రూలు పండ్ల నడుమ వట్టి చెప్పిండు.

స్విచ్చేసిన. ఫ్యాను తిరిగింది.
నీలం తెర లేచింది, పడ్డది, మళ్ల లేచింది.
మూడోసారి తలుపు తీసింది గని
నన్ను గుర్తువట్టలే.
పదకొండేండ్లు నా వేళ్ల కింద బతికిన మిషను
'ఇది ఆ కంప్యూటరు కాదు, లైసెన్సు చూపించు' అన్నది,
రేషను కార్డుల నా పేరు తప్పువడ్డనాడు
తాసీల్దారు ఆఫీసుల కౌంటరు అడిగినట్టే.

సప్పుడు లేదు. తెర మీది బొమ్మలు పీటలంత అయినయి.
నెట్టు రావాలంటే డ్రైవరు గావాలె,
డ్రైవరు రావాలంటే నెట్టు గావాలె,
బాయిల వడ్డ బొక్కెన తియ్యనీకె
ఆ బొక్కెనకున్న తాడే దిక్కయినట్టు.
ఆఖరికి ఫోనుకు తీగ గుచ్చి
ఉగ్గుగిన్నెతోని తాపినట్టు తాపిన.
మోయిజు నమాజుకు వోయిండు.
నలభై రెండు శాతం కాడ ఆగిన ఆకుపచ్చ గీతను
డిండి కాలువ చివరి మడి రైతులెక్క
చూసుకుంట కూసున్న.

గప్పుడొచ్చింది సోమ్లి,
"ఏడాది అయితున్నది, అప్పటి కార్డే మళ్ల తియ్యి" అనుకుంట.
ఫైలు తెరిచిన.
ఫోటో వచ్చింది, రుమాలు, మీసం, జేబుల పెన్ను.
పేరున్న కాడ
డాలరు గుర్తు, తెగిన బ్రాకెట్టు, ఎవ్వరివో కొక్కేలు, కొమ్ములు.
మా తెలుగు అచ్చరాలకు తాళంచెవి ఒకటుంటది,
బొటనవేలంత, రెండు మరలతోని,
ప్రింటరు బెజ్జంల గుచ్చేది.
డబ్బా ఎనకకు తిప్పి చూసిన.
కొత్త బోర్డుకు ఆ బెజ్జమే లేదు.

"ఆయన పేరేంది సోమ్లమ్మా, కొత్తగ కొడత."
కొంగు నోటికడ్డం పెట్టుకున్నది.
"నేనెట్ల జెప్త? నువ్వే రాసినవు గద, అండ్లనే ఉంటది."
మనిషి పోయి ఏడాదైనా
ఆ పేరు ఆమె నోటికి రాదు, నా తెర మీదికి రాదు.

అప్పుడు నా వేళ్లు కదిలినయి.
నాకంటె ముందు అవి చదివినయి.
డాలరంటే ల.
తెగిన బ్రాకెట్టు చ, కింద కొక్కెం దాని వత్తు,
నెత్తి మీది కొమ్ము గుడి.
తోక లేని తొమ్మిది ర, దీర్ఘం, పక్కన సున్న.
ఏ డ్రైవరూ ఎక్కించలే వీటిని.
పెండ్లికార్డులు, దినాల కార్డులు, బోరుబండ్ల కరపత్రాలు
గుద్ది గుద్ది ఎక్కించినయి.

"లచ్చిరాం" అన్న.
సోమ్లి ఇటు తిరగలే. తలకాయ మాత్రం ఊపింది.
కొత్త అచ్చులల్ల చవొత్తు జర పక్కకు జరిగింది.
"ఉండనియ్యి, ఆయన గూడ నడిస్తె ఒక పక్కకే వొరుగుతుండె"
అని నవ్వింది.

యాభై కార్డులు.
మోయిజుకు ఇంకా పదహారు వందలు బాకీ.
పాత తాళంచెవి సొరుగుల, స్టాంపు ప్యాడు పక్కన.
తెర మూలకు మసక అచ్చరాలు ఇంకా అడుగుతున్నయి
నువ్వు అసలుదానివేనా అని.
అడగనీ.