మూడంగుళాల మడత

జూన్‌లో కుట్టిన స్కూలు ప్యాంటుకి
అడుగున మూడంగుళాల మడత వదిలాను.
ఎదిగే గుంటడు, గుడ్డ దండగవకూడదని.
దసరా ఇంకా రానేలేదు,
రెండుసార్లు విప్పేశాను.

కుడికాలికి సరిపోయింది.
ఎడమకాలి అంచు మాత్రం
నెల్లిమర్ల దుమ్మంతా ఊడుస్తోంది.
మళ్లీ కొలిచాను. టేపు తప్పలేదు.
మోకాలే
నిటారుగా నిలబడటం మానేసింది.

దెబ్బ లేదు, గీత లేదు.
రాత్రి పడుకున్నవాడు పడుకున్నట్టే,
తెల్లారేసరికి
ఉడికిన చిలగడదుంపలా నున్నగా, వేడిగా.
నెత్తురంటే ఎర్రగా కనబడేదే అనుకుంటారు మా వీధిలో.
మా ఇంట్లో అది
లైనింగు లోపల విరిగిన సూది.
పైనుంచి ఎంత తడిమినా దొరకదు.

"ఎముక తొందరపడుతోంది,
కండ ఇంకా అందుకోలేదు" అంది
మహారాజా ఆసుపత్రి డాక్టరమ్మ.
తూకం మీద నిలబెట్టింది.
ఇరవయ్యారు కేజీలప్పుడు రెండు సీసాలు.
ఇప్పుడు నలభై. మూడు.
పిల్లలకి ఒళ్లొస్తే అందరూ దిష్టి తీస్తారు,
నేను సీసాలు లెక్కపెట్టుకుంటాను.
పై నెల మందు రాకపోతే ఎలాగని
ఒక ముద్ద తగ్గించి పెడదామా అనుకున్నాను, ఒక్కసారి.
అనుకున్నానని ఎవరికీ చెప్పలేదు.

సీసాలుండేది పక్కింటి సూరీడమ్మ ఫ్రిజ్జులో,
పాల ప్యాకెట్టుకీ నానేసిన సెనగలకీ మధ్య.
"బద్రంగానే ఉన్నాయిలేవే,
ముట్టుకుంటే సెయ్యిరగ్గొడతానని
మా మనవడికి సెప్పేను."

ఆదివారం వాడే అన్నాడు,
"నేనే పొడుచుకుంటానమ్మా."
ఇరవయ్యేళ్లుగా సూది మీద బతుకుతున్నదాన్ని,
చూడలేక
గుడ్డ లేని మిషను తొక్కుతూ కూర్చున్నాను.
"దొరికింది" అన్నాడు, మొదటిసారికే.
గొంతు సగం వాడిది,
సగం ఇంకెవరో మగాడిది.

మా అన్న తవిటయ్య
పన్ను పీకించుకోడానికి గరివిడి వెళ్లాడు.
అప్పుడు దీనికి మా ఇంట్లో పేరు లేదు,
పలచ నెత్తురు అనేవారు.
మూడు రోజులు దిండు గలీబులు మార్చింది అమ్మ.
అది నాలోంచే నడిచింది,
నన్ను ముట్టుకోకుండా,
వీడిలోకి దిగింది.

అన్నకి పద్నాలుగో ఏట కుట్టించిన గళ్ల చొక్కా
ట్రంకు పెట్టె అడుగున దాచాను.
నిన్న నేను బజారు నుంచి వచ్చేసరికి
తారకేషు అది తొడుక్కుని అద్దం ముందున్నాడు.
గుండీలు పట్టడం లేదు.
మణికట్లు నాలుగు వేళ్లు బయటికొచ్చాయి.
పై పెదవి మీద నలుపు, మసి అంటినట్టు.
"బుజాల దగ్గర బిగుతమ్మా. విప్పి కుడతావా?"

తిరగేసి చూశాను.
దానికి మడతే లేదు.
వాడి కోసం
అంత గుడ్డ ఎవరూ వదల్లేదు.

"పట్టదురా నీకు" అన్నాను,
"ఇంక ఎప్పటికీ పట్టదు."
నవ్వుతున్నానో ఏమో, వింతగా చూశాడు.
చొక్కా విప్పి నా ఒళ్లో పడేసి,
ఎడమకాలు పీట మీదకెత్తి
అయిసు తెమ్మన్నాడు.