గోనెపీలిక

మధ్యాహ్నం మూడింటికి మేనేజరు అన్నడు:
"సాయంత్రానికల్లా రంగులు తేల్చు నవనీతా."
ఏడు స్థితులు. ఏడు రంగులు.
బత్తాయి మార్కెట్టు తూకం సాఫ్ట్‌వేర్‌ల
తప్పు ఒకటి పుట్టిన కాడికెళ్లి మూతపడే దాకా
ఏ మెట్టు మీద ఏ రంగు కట్టుకోవాల్నో
నేను చెప్పాలె.

కొత్తగ వచ్చినదానికి నీలం.
ఎవరి నెత్తిన పడ్తదో ఇంకా తెల్వదు గనక,
పొద్దుగాల లతీఫ్ సాబ్ గుట్ట మీది ఆకాశం లెక్క
ఖాళీగ.
పనిల ఉన్నదానికి పసుపు అన్న.
"పసుపైతే కాయ రాలినట్టే గదమ్మా,
మా దళారి పచ్చకాయకే ధర కడ్తడు"
అన్నడు ఫోన్ల ఇద్దయ్య,
తూకం తప్పుతుందని తొలి ఫిర్యాదు పెట్టిన రైతు.
పసుపు తీసి నారింజ పెట్టిన.
నారింజ తీసి మళ్లీ పసుపే పెట్టిన.
సరైనదానికి ఆకుపచ్చ, ఇందుల ఆలోచించేదేముంది?
ప్రాణం మీదికొచ్చినదానికి ఎరుపు.
అది అసలే అడగొద్దు.

అడగొద్దు అన్న గని
ఎరుపు నాకు సిగ్నల్ కాడ తెలిసిన రంగు గాదు.
మర్రిగూడ దిక్కు మా ఊర్ల,
నేను రెండో తరగతిల ఉన్ననాడు జీపొకటొచ్చి
బడి ముందటి బోరింగుకు ఎర్రరంగు పూసి పోయింది.
డబ్బాల మిగిలినదానితోటి
పిల్లలం గోడ మీద పువ్వులు గీసినం.
ఎరుపంటే తాగొద్దని.
తాగకుంటే ఏం తాగాల్నో మాత్రం ఎవరూ రాయలేదు.
గిన్నెలు తోముకున్నం, బర్లను కడిగినం,
ఎవ్వరు చూడనప్పుడు దోసిలి పట్టినం.

ఐదింటికి లింగస్వామిని పిలిచిన.
పక్క కుర్చీల కోడు రాస్తడు,
కూసునేటప్పుడు ఎడమ మోకాలిని
రెండుసార్లు ఒప్పించుకుంటడు.
"చూడు, బాగున్నయా?"
తెర దగ్గరికి ముఖం పెట్టి చానాసేపు చూసిండు.
"ఈ రెండిటికి ఒకటే రంగు ఎందుకు పెట్టినవ్?"
ఏ రెండు?
వేలు పెట్టి చూపించిండు:
ఎరుపు. ఆకుపచ్చ.

నేను నవ్విన. లింగస్వామి నవ్వలేదు.

"మా ఊర్ల గూడ పూసిండ్రు," అన్నడు,
"రెండు బోరింగులు. ఒకటి ఎరుపట, ఒకటి పచ్చదట.
నాకు రెండూ బురద లెక్కనే కొట్టేటియి.
బడికి ఏది దగ్గరుంటె దాంట్లె తాగేటోన్ని.
తర్వాతెప్పుడో మా పెద్దమ్మ కనిపెట్టి
చెడ్డదాని పిడికి గోనెపీలిక కట్టింది."
అంతవరకే చెప్పి
చాయ్ తాగుదాం పా అన్నడు.

గడియారం సెంటర్ల చాయ్ చల్లారింది.
ఎన్నేండ్లకు కనిపెట్టిందని నేను అడగలేదు.
బల్ల కింద కాలు చాపుకున్నడు.

రాత్రి ఎనిమిదికి మళ్లీ కూసున్న.
రంగుల్ని పీకలేదు.
ప్రతి రంగు పక్కన ఒక మాట రాసిన,
మాట చదవనోళ్లకు ఒక గుర్తు గీసిన:
కొత్తదానికి సున్న,
నడిచేదానికి సగం నిండిన కుండ,
సరైనదానికి టిక్కు,
ఎరుపు పక్కన పిడికి కట్టిన చిన్న పీలిక.
మేనేజరుకు అర్థం గాదు,
అడిగితే ముడి అని చెప్త.

ఏడోది మిగిలింది.
"సరిచేయం" అని ఒక స్థితి ఉంటది,
చూసినం, తెలుసు, గని చేయం అని.
అందరు దానికి బూడిదరంగు పెడ్తరు
కంటికి తగలకుంట.
గంటసేపు దాని ముందటనే కూసున్న.
ఇద్దయ్య ఫిర్యాదు ఎక్కడ ఆడికి పోతదో అని
ముందుగాల దాన్నెత్తి
నా పేరు మీద రాసుకున్న.

పదింటికి మేనేజరుకు పంపిన:
ఆరు అయినయ్.