శివారు నుంచి కబురు

పదిహేడో నంబరు ఎలుక
పంచదార నీళ్లు మానేసి ఇవాళ్టికి తొమ్మిది రోజులు.
రెండు సీసాలూ తూకం వేశాను.
ఉత్త నీళ్లు ఎంత తరిగాయో
తీపి నీళ్లూ అంతే.
పుస్తకంలో అంకె రాసి
పెన్ను టోపీ చాలాసేపు పెట్టలేదు.

అమలాపురం దాటాక కొబ్బరితోటల వెనక
మందుల కాలేజీలో ఎలుకల గది నాది.
మిల్లు నుంచి తెచ్చిన ఊక నేనే ఆరబోస్తాను,
కాయితంలో రాసిన రోజున నేనే తడుపుతాను.
ఒకనాడు బోను ఓరగా పెట్టడం,
ఒకనాడు రాత్రంతా లైటు,
ఒకనాడు ముక్కూమొహం తెలియని ఎలుకని పక్కన తొయ్యడం.
ఏ రోజు ఏదో వాటికి అందకూడదు, అదీ రూలు.
"కొట్టట్లేదు పల్లాలమ్మా" అంటారు తెహ్సీన్ మేడం,
"కుదురుగా ఉండనివ్వట్లేదు, అంతే."

అంతే.

మా నాన్న లస్కరు.
ఆరో తూము చక్రం ఆయన చేతిలో ఉండేది.
దాళ్వాకి వంతులు పెట్టిన ఏడు
పైవాళ్లు పగలు బతిమాలేవారు,
శివారువాళ్లు రాత్రి తలుపు బాదేవారు,
ఏ రాత్రి ఎవరో తెలిసేది కాదు.
ఏప్రిల్ నాటికి
టీలో నంజుకునే తాటిబెల్లం ముక్క
గ్లాసు పక్కనే చెమ్మగిల్లి చీమలు పట్టింది.
ఆయన చీమల్నయినా విదిలించలేదు.
అమ్మ దిష్టి తీసింది.
డాక్టరు బలానికి బిళ్లలు రాశాడు.

మేడం బోర్డు మీద గీసి చెప్పారు:
రెండు నరాలు, మధ్యన ఇరుకు సందు.
కబుర్లన్నీ పైనుంచి కిందికే.
ఒక్కటి మాత్రం ఎదురెక్కుతుంది,
కింది నరంలో పుట్టి పైదానికి పోయి
చాలు, ఇంక తగ్గించు అంటుంది.
దాని పేరు ఆనందమైడు.
"మన ఆనందమేనాండీ?"
"మనదే. పట్టుకెళ్లి తోక తగిలించారు."
గంజాయి తోసుకొచ్చే గుమ్మంలోంచే
ఇదీ వస్తుందట, ఇంటి మనిషిలా.

నాకు సైకిలు కుర్రాడు కనిపించాడు.
శివారు చేలు తడిశాక
గట్టు వెంట రొప్పుకుంటూ పైకొచ్చి
"చాలంట బాబాయ్, దించెయ్" అనేవాడు.
నాన్న చక్రం తిప్పేవాడు.
ఆ ఏడు ఆ కుర్రాడు రానేలేదు.

కంగారు రోజుల తరబడి నిలిస్తే
ఆ కబురుని దారిలోనే నమిలేసే ఎంజైము ఒకటి బలుస్తుందట.
కొన్ని ఎలుకల్లో అలా కనబడింది,
అంతా ఇంకా తేలలేదు, అన్నారు మేడం.
ఈ కొత్త మందు దాని నోరు కడుతుంది.
కొత్తగా ఆనందం పొయ్యదు,
ఉన్నదాన్ని తిననివ్వదు.

మందు మొదలెట్టిన పంతొమ్మిదో రోజున
పదిహేడు ముందుకాళ్లతో మొహం తుడుచుకుంది.
ఇరవై మూడున చీకట్లో
సీసా మూతిలో గోళీ టిక్కుటిక్కుమంది.
తీపి సీసా పదకొండు గ్రాములు తరిగింది.
రెండుసార్లు తూచాను.

నాన్నకి ఏ మందూ దొరకలేదు.
కాలవకి నీళ్లొదిలిన నాలుగోనాడు
మజ్జిగ అడిగి, ఓ గుక్క తాగి
"ఉప్పెక్కువయ్యింది" అన్నాడు.
ఆ తిట్టుకి అమ్మ
గోడవైపు తిరిగి ఏడ్చింది.

మేడం అంకెలు చూసి నా చెయ్యి నొక్కారు.
శుక్రవారం మెదడు తీసి కొలవాలి,
ఐసు తెప్పించు అన్నారు.
రొయ్యల ఫ్యాక్టరీలో చెప్పొచ్చాను, రెండు దిమ్మలు.

గురువారం సాయంత్రం పదిహేడుకి
రెండు సీసాలూ తీపివే పెట్టాను.
అది పుస్తకంలో రాయలేదు.