ఇంక పది లక్షల దోశలు

పొద్దుగాల మూడున్నరకు నల్లకుంటల
కుక్కలు, పాల వ్యాను, నేను.
షట్టర్ సగం లేపి దూరి పొయ్యి ముట్టిస్త.
పెనం కాగిందో లేదో కండ్లతోని చూడను,
నీళ్లు చిలకరిస్త.
అది బదులిచ్చే తీరును బట్టి తెలుస్తది.
మొదటి దోశ ఎప్పుడూ పెనానికే.
అంటుకుంటది, చిరుగుతది, చీపురుతోని ఊడ్చేస్త.
ఇరవై రెండేండ్లల్ల
ఒక్క మొదటి దోశ గూడ మనిషి నోట్లెకు పోలే.

నా పేరు సాయిలు. గీడ అందరికి మాస్టర్‌ని.
నలభై ఒకటి నడుస్తున్నది.
యాభై నిండిన పొద్దు పొయ్యి దిగుత.
సేటుకు తెల్వదు.
నా భార్య అనసూయకు తెలుసు, నవ్వుతది.
దోశ మాస్టర్లకు రిటైర్‌మెంట్ ఉంటదా,
మోకాళ్లు పోవుడే గని, అంటది.

లెక్క చెప్త ఇనుండ్రి.
రోజుకు మూడొందల ఇరవై దోశలు, జర అటు ఇటు.
దోశకు ఎనభై పైసలు పక్కకు పెడ్త.
మసాలాకైన గంతే, సాదాకైన గంతే.
ఆదివారం నాలుగొందలు దాటుతయి,
ఆ మిగులు బిడ్డ ఫీజుకు.
తొమ్మిదేండ్లు అని నేను అనుకోను.
ఇంక పది లక్షల దోశలు.
పిండి బకెట్ల కొలిస్తే
ఏందో, అయిపోయేటట్టే కనిపిస్తది.

ఇంతకుముందు చంద్రకళమ్మ దగ్గర చీటీ ఏసిన.
పద్దెనిమిది నెలలు మేం పాడినం పాట.
పందొమ్మిదో నెల
ఆమె తలుపుకు తాళం పాడింది.
తొంభై వేలు. అంటే
లక్షా పన్నెండు వేల దోశలు
ఎవ్వరు తినకుండనే పోయినయి.
అప్పట్నుంచి పోస్టాఫీసే.
కౌంటర్ల మేడం పాస్‌బుక్కు తెరిచి
అల్లం చట్నీ వాసనొస్తున్నది మాస్టరూ, అంటది.
స్టాంపు మాత్రం గట్టిగ కొడ్తది.

ఎనిమిదిన్నరకు ఒక పిలగాడు వస్తడు,
మెడల తాడు, తాడుకు వాని ఫోటో.
నెయ్యి కారం, ఎర్రగ, మడత పెట్టొద్దు.
ఒకనాడు ఫోన్ల ఎవలితోనో అంటున్నడు,
నలభై ఐదుకు వదిలేస్త, ఎనిమిది కోట్లు చాలు, అని.
నా గంటె ఆగలే.
ఒక్క రైలుకే టికెట్ తీస్కున్నం ఇద్దరం,
బోగీలే వేరు, అనుకున్న.
ఆ పూట వాని దోశకు
నెయ్యి కొంచెం ఎక్కువే పడ్డది.

మొన్న సేటు తల్లి కాలం చేసింది.
మూడు దినాలు షట్టర్ మూసిండ్రు.
దుఃఖమే, కాదనను. మంచి మనిషి,
కొత్తల నా కాలిన చేతికి తేనె రాసింది.
కని నాకు ఆ మూడు దినాలు
యాభై ఏండ్ల వయసును రుచి చూసినట్టు.
మొదటి దినం మూడున్నరకే లేసి కూసున్న.
అనసూయ లైటేసి అన్నది:
నిద్రల నీ చెయ్యి తిరుగుతనే ఉన్నది,
నడుమ నుంచి అంచుకు, నడుమ నుంచి అంచుకు,
నా వీపు మీద ఎన్ని పోసినవో తెల్సా?

రెండో దినం ఆమెను తీస్కొని
హిమాయత్‌నగర్‌ల ఒక హోటల్‌కు పోయిన.
కూసున్న.
కూసొని దోశ తిని ఎన్నేండ్లాయెనో.
నేను తినేది విరిగిన ఇడ్లీ, అడుగు చట్నీ,
అదిగూడ నిలవడి.
చల్లటి ఏసీ. గ్లాసుల పువ్వు లెక్క మడిచిన కాగితం.
లోపట్నుంచి చుయ్ మని ఇనవడ్డది.
పెనం ఇంక కాగలే, అన్న.
నువ్వు మాస్టర్‌వి కాదియ్యాల, అన్నది.
దోశ వచ్చింది. నడుమ తెల్లగ, ఒక దిక్కు మాడి.
ప్లేట్లు అందిచ్చే కిటికీలకెళ్లి
చేసినోని చెయ్యి కనవడ్డది.
పంతొమ్మిదేండ్లుంటయేమో,
మోచేతి దాక పచ్చి మచ్చలు.
గంటెను మరీ గట్టిగ పట్టిండు,
మణికట్టు గుంజుతది బిడ్డా అందామనుకున్న, అనలే.
మొత్తం తిన్న. మాడిన అంచు గూడ.

లేసేటప్పుడు ఆ పిలగానికియ్యిమని
ఇరవై రూపాయలు పెట్టిన.
మెట్లు దిగుతుంటె లెక్క తట్టింది:
ఇరవై ఐదు దోశలు.
పోనీ.
యాభై నిండిన పొద్దు
ఒక అరగంట ఎక్కువ నిలవడ్త.