ఉతకని రోజు

సీసా అడుగున పొడి, సున్నంలా.
ఉప్పునీళ్ళు పోసి ఇరవై సెకన్లు కుదిపితే
పాలు.
దగ్గరికెళ్ళి చూస్తే బుడగలు,
ఎర్ర రక్తకణం కన్నా చిన్నవి, కోట్లకి కోట్లు.
నీటి బుడగ నిలవదని చిన్నప్పుడు వల్లె వేయించారు నాకు.
వీటికి కొవ్వు పొర ఉంది, ఐదు నిమిషాలు నిలుస్తాయి.
మనిషి గురించి కొన్ని సంగతులు తేలడానికి
ఐదు నిమిషాలు చాలు.

హల్ ఊరు. నవంబరు.
తలుపు తీసినప్పుడల్లా హంబర్ నది గాలి
ఆసుపత్రి వరండాలో ఇంత ఉప్పు చల్లిపోతుంది.
బల్ల మీద క్లిఫ్ స్టాథర్స్, డెబ్భై తొమ్మిదేళ్ళు,
పదిహేనో ఏట చేపల ఓడెక్కిన మనిషి.
మోచేతి మడతలో సూది దించుతూ జోసెలిన్ అంది,
"నరం తాడులా ఉందే!"
"తాడే, బంగారం. పదహారేళ్ళు లాగాను మరి."

జెల్ చల్లగా ఉంటుందంటే నవ్వాడు.
బేర్ ఐలాండ్ దగ్గర ఓడకి పట్టిన మంచుని
గొడ్డలితో కొట్టినవాడికి నా జెల్ ఒక లెక్కా.

పక్కటెముకల సందున ప్రోబు ఆనించాను.
తెర రెండుగా చీలింది:
ఒకవైపు బూడిదరంగు కాలేయం, అందులో రెండు మచ్చలు.
రెండోవైపు చీకటి.
వినబడని ఆ ధ్వనిని బాగా తగ్గించాను,
గట్టిగా పలికితే బుడగలు పగిలిపోతాయి.
ఎందుకో ఈ గదిలో మేమూ గొంతు తగ్గించే మాట్లాడతాం.

"కుర్రాడిగా నా పని కాలేయాలు ఉడకబెట్టడం,
కాడ్ చేపలవి, ఓడ వెనక పెద్ద పెద్ద డేగిసాల్లో.
నూనె డబ్బుల్లో మాకో వాటా. కాలేయం డబ్బులనేవాళ్ళం.
మొరీన్ ఇంటికి కర్టెన్లు వాటితోనే కొంది.
ఇప్పుడు వడ్డీ అడుగుతున్నట్టున్నాయి."

నవ్వకండి, ప్రోబు కదులుతుంది అన్నాను.
నేనూ నవ్వాను. ప్రోబు కదిలింది.

మందు. వెనకే ఉప్పునీళ్ళు.
గడియారం నొక్కాను.
పద్నాలుగో సెకనులో ధమని వెలిగింది,
ఉరుము లేని మెరుపు, కొమ్మలు కొమ్మలుగా.
మొదటి మచ్చ అంచున చుక్కలు చుక్కలుగా చేరిన వెలుతురు
లోపలికి జరిగింది, తొందరలేని చుట్టంలా.
నిమిషం. రెండు. నాలుగు నిమిషాలకీ అక్కడే కూర్చుని ఉంది.
దాని పేరు నాకు తెలుసు. దానితో పేచీ లేదు.

రెండో మచ్చకి రెండో మోతాదు.
పాత బుడగలు పోయేదాకా ఆగాలి.
ఆ ఖాళీలో అడిగాడు:
"చేపలేమైనా కనబడ్డాయా?
మా స్కిప్పరూ ఇలాంటి తెరే చూసేవాడు.
మేం ఆయన మొహం చూసేవాళ్ళం."
నా మొహాన్ని తెర వైపు తిప్పుకున్నాను.
డాక్టరుగారు గురువారం చెబుతారు.
"సరేలే. ఇంతకీ దేనికోసం చూస్తున్నావు?"
వెలుతురు నిలుస్తుందా, కొట్టుకుపోతుందా అని.
కొట్టుకుపోతే వాషౌట్ అంటాం.

కాసేపు పలకలేదు.

ఓడ కదిలే రోజు మొరీన్ బట్టలు ఉతికేది కాదట.
వాళ్ళమ్మా అంతే. హెసెల్ రోడ్డు మొత్తం మీద
ఆ రోజు తీగ మీద ఒక్క చొక్కా ఆరేది కాదట.
ఉతికితే సముద్రం మనిషిని కడిగేసుకుపోతుందని.

మాకూ ఉంది, అన్నాను. ఊరెళ్ళేవాళ్ళు గుమ్మం దాటగానే
ఇల్లు ఊడవరు, తల రుద్దుకోరు.
"ఎందుకు?"
ఎవరూ చెప్పలేదు. చీపురు మాత్రం దాచేసేవాళ్ళు.

రెండో మోతాదు. ఊపిరి బిగపట్టమన్నాను.
ఇరవై. మచ్చ చుట్టూ ఉంగరంలా మెరుపు.
ముప్పై.
నలభై.
నలభై ఎనిమిది.
చుట్టూ కాలేయమంతా తెల్లవారుతుంటే
ఆ ఒక్క చోటా

"వదిలెయ్యండి ఊపిరి," అన్నాను, ఎప్పటి గొంతుతోనే.
వదిలాడు. బుడగల్లోని గాలి ఆయన ముక్కులోంచి గదిలోకొచ్చింది,
రంగు లేదు, వాసన లేదు.
కొంత నేనూ పీల్చి ఉంటాను.

జెల్ తుడిచి కోటు అందించాను.
డాక్టర్ ప్రాసర్‌కి నాలుగు పంక్తులు రాసి పంపాను.

ఇంటికొస్తే మెషిను పక్కన బుట్ట నిండా బట్టలు,
తెల్లవి విడిగా, పైన నా యూనిఫారాలు రెండూ.
సోమవారం.
మూత తెరిచాను. మూసేశాను.

గురువారం పొద్దున్న
జేబు దగ్గర జెల్ మరక ఎండిన చొక్కాతోనే
డ్యూటీకెళ్ళాను.